డిసెంబరు 24 : పాటల చరిత్రలో ఒక దినం

చరిత్ర అనగానే మన విద్యార్థులకు రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు, సంధులు, వాటి సంవత్సరాలు జ్ఞప్తికి వస్తాయి. పాటకు కూడ ఒక చరిత్ర ఉన్నదని తలచేవారు తక్కువ. గోదావరి గట్టున రామదాసు కీర్తన, మసీదు వీధిలో నాత్, పెండ్లి ఇంట ఢోలక్ గీతం, బస్సులో సినిమా పాట, అడవి గూడెంలో రేల పాట — ఇన్నింటి నడుమ మన జీవితం గడుస్తున్నది. కాని ఈ పాటను మొదట ఎవరు పాడినారు, ఏనాడు పాడినారు, అది మన వద్దకు ఏ దారిన వచ్చినది అని ప్రశ్నించే అలవాటు మనకు లేదు.

ఆ అలవాటును కలిగించే ఉద్దేశంతో ఈ వ్యాసంలో మేము ఒక చిన్న పద్ధతిని అవలంబించినాము. క్యాలెండరులో ఒక్క తేదీని ఎన్నుకొని, వేర్వేరు సంవత్సరాలలో ఆ తేదీన పాటల లోకంలో జరిగిన సంగతులను వరుసగా పరిశీలించినాము. మేము ఎన్నుకొన్నది డిసెంబరు 24. దీనికి కారణం ఉన్నది. మహమ్మద్ రఫీ జన్మించినది ఆ తేదీన. భానుమతీ రామకృష్ణ కన్నుమూసినది ఆ తేదీన. మన కళాశాలలో ఉర్దూ విభాగపు విద్యార్థుల ఇండ్లలో మొదటి పేరు ఎంత పరిచితమో, తెలుగు విభాగపు విద్యార్థుల ఇండ్లలో రెండవ పేరు అంత పరిచితం. తేదీలు కలియడం కాకతాళీయమే. అందులో గ్రహబలం వెదకడం మా అభిమతం కాదు. తేదీ అనే దారాన్ని పట్టుకొని నడిస్తే ఎక్కడికి చేరుకొంటామో చూడవలెనన్న కుతూహలమే మమ్మల్ని నడిపించినది. ఆ దారం దేశదేశాలు తిరిగి, చివరకు మన భద్రాచలం అడవి అంచుకే వచ్చి చేరినది.

1818 : ఒక గ్రామపు చర్చి

ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ సమీపాన, సాల్జాక్ నది ఒడ్డున, ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊరు ఉన్నది. అక్కడి సెయింట్ నికొలస్ చర్చిలో జోసెఫ్ మోర్ సహాయ పురోహితుడు. ఆయన 1816లో ఒక గీతం వ్రాసి ఉంచుకొన్నాడు. 1818 డిసెంబరు 24న దానిని పొరుగూరి బడిపంతులూ, చర్చి వాద్యకారుడూ అయిన ఫ్రాన్జ్ గ్రూబర్‌కు ఇచ్చి, రెండు గొంతులకూ ఒక గిటారుకూ సరిపడేటట్లు బాణీ కట్టమని కోరినాడు. ఆ రాత్రి క్రిస్మస్ ఆరాధనలో ఇద్దరూ కలిసి పాడినారు. లోకంలో అనేక భాషలలోకి వెళ్లిన ‘సైలెంట్ నైట్’ గీతం అదే. మన ప్రాంతపు చర్చీలలో కూడ అది తెలుగు మాటలతో వినిపిస్తుంది.

ఈ కథలో మన విద్యార్థులు గమనింపవలసినది మరొకటి ఉన్నది. ఊరూరా తిరిగి పాడే గాయక కుటుంబాలు ఈ గీతాన్ని దేశాంతరాలకు తీసుకొని పోయినవి. పాట ప్రసిద్ధమైనది, కర్తల పేర్లు మరుగున పడినవి. కొందరు అది టైరోల్ ప్రాంతపు జానపద గీతమన్నారు, కొందరు హేడన్ వంటి మహా సంగీతకర్తకు అంటగట్టినారు. 1854లో బెర్లిన్ రాజాస్థాన సంగీత బృందం వారు ఈ పాట ఎవరిదని సాల్జ్‌బర్గ్‌కు లేఖ వ్రాసి విచారించినారు. అప్పటికి మోర్ మరణించి ఆరేండ్లు. గ్రూబర్ మాత్రం జీవించి ఉన్నాడు. ఆ సంవత్సరం డిసెంబరు 30న ఆయన పాట పుట్టిన వైనాన్ని తన చేతితో వ్రాసి సంతకం చేసినాడు. ఆనాడు ఆ ప్రశ్న అడిగేవారు లేకపోయినా, లేక పదేండ్లు ఆలస్యంగా అడిగినా, ఆ తేదీ మనకు ఈనాడు ఇంత స్పష్టంగా దక్కి ఉండేది కాదు. గ్రూబర్ 1863లో మరణించినాడు.

1920 : గ్రామఫోను గొంతు

ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో అమెరికాలోని న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో చివరిసారి పాడినది 1920 డిసెంబరు 24న. అప్పటికే ఆయన వ్యాధిగ్రస్తుడు. మరుసటి సంవత్సరం ఆగస్టు 2న నేపుల్స్‌లో కన్నుమూసినాడు. కరూసో ఒపేరా గాయకుడే అయినా, జనప్రియ సంగీత చరిత్రలో ఆయనకు స్థానం గ్రామఫోను వలన వచ్చినది. 1902 ఏప్రిల్‌లో మిలాన్ నగరంలో ఒక హోటలు గదిలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు ఆయన చేత పది పాటలు పాడించి మైనపు పలకలపై ముద్రించినాడు. ఒపేరా గడప తొక్కని సామాన్యులు కూడ ఇంట కూర్చుండి కరూసోను విన్నారు.

అదే గైస్‌బర్గ్ ఆ సంవత్సరం నవంబరులో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేసినాడు. ఆనాటి రికార్డు మూడు నిమిషాలకు మించి పట్టదు. గంటల తరబడి విస్తరించే రాగాన్ని ఆమె మూడు నిమిషాలలోకి ఒదిగించవలసి వచ్చినది. తరువాతి కాలంలో మన సినిమా పాట కూడ మూడు నాలుగు నిమిషాల కొలతలో నిలవడానికి ఈ పరిమితి ఒక కారణం. మరొక విశేషం ఉన్నది. పాట ముగియగానే గౌహర్ జాన్ తన పేరును తానే ఇంగ్లీషులో బిగ్గరగా చెప్పేది. కలకత్తాలో పాడిన పాట జర్మనీలోని హానోవర్‌లో ముద్రణ పొందేది. అక్కడి పనివారికి గొంతు ఎవరిదో తెలిసి, చీటీపై సరిగా పేరు వేయడానికి ఈ ఏర్పాటు. నూరేండ్లు దాటిన తరువాత కూడ ఆ రికార్డు ఆమె పేరును ఆమె గొంతుతోనే పలుకుతున్నది. ఈ సంగతిని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవలెను. వ్యాసం చివర దీనితో మనకు పని ఉన్నది.

1924 : కోట్లా సుల్తాన్ సింగ్

పంజాబులో అమృతసర్ జిల్లా, మజీఠా సమీపాన కోట్లా సుల్తాన్ సింగ్ అనే గ్రామంలో 1924 డిసెంబరు 24న మహమ్మద్ రఫీ జన్మించినారు. ఊరి వీధులలో పాడుతూ తిరిగే ఒక ఫకీరును అనుకరిస్తూ ఆ బాలుడు పాడసాగినాడని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. ఆ ఫకీరు పేరు ఎవరూ వ్రాసిపెట్టలేదు. కుటుంబం లాహోరుకు తరలిన తరువాత తండ్రి క్షౌరశాల నడిపినారు. రఫీ ఉస్తాద్ అబ్దుల్ వాహిద్ ఖాన్, పండిత్ జీవన్‌లాల్ మట్టూ, ఫిరోజ్ నిజామీ వంటి గురువుల వద్ద శిక్షణ పొందినారు. 1944లో బొంబాయి చేరినారు. 1980 జూలై 31న మరణించే వరకు హిందీ చిత్రాలకు ఆయన పాడిన పాటలు వేల సంఖ్యలో ఉన్నవి.

1952లో వచ్చిన ‘బైజూ బావ్రా’ చిత్రం ఒక్కటి తలచుకొన్నా చాలును. అందులో హరిదర్శనం కొరకు తపించే భజన ఒకటి ఉన్నది. మాటలు వ్రాసినది షకీల్ బదాయునీ, స్వరపరచినది నౌషాద్, పాడినది రఫీ. ముగ్గురూ ముస్లిములు. ఆ భజన ఈనాటికీ దేవాలయ ప్రాంగణాలలో వినిపిస్తున్నది. భక్తికి గొంతు కావలెను గాని, గొంతుకు కులగోత్రాలు అక్కరలేదని ఆ పాట నిరూపించినది.

రఫీ తెలుగు ప్రేక్షకులకు హిందీ పాటల ద్వారానే గాక తెలుగు పాటల ద్వారా కూడ దగ్గరైనారు. 1962లో హిందీలో వచ్చిన ‘చైనా టౌన్’ చిత్రాన్ని 1969లో తెలుగున ‘భలే తమ్ముడు’గా తీసినప్పుడు, హిందీలో షమ్మీ కపూర్‌కు పాడిన రఫీయే తెలుగున ఎన్.టి. రామారావుకు కూడ పాడినారు. 1976 నాటి ‘ఆరాధన’లోను, ‘అక్బర్ సలీం అనార్కలి’లోను ఆయన గొంతు ఉన్నది. ఉచ్చారణలో అక్కడక్కడ ఉత్తరాది ఛాయ తోచినా, మన శ్రోతలు దానిని దోషంగా గాక ఆ గొంతులోని ఒక తీపిగా స్వీకరించినారు.

రామదాసు కథలో రఫీ గానం

వీటికంటె ముందు రఫీ గొంతు మన జిల్లా కథలో ప్రవేశించినది. 1964లో చిత్తూరు వి. నాగయ్య స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, ప్రధాన పాత్ర ధరించిన ‘భక్త రామదాసు’ చిత్రంలో కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ పాడినారు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీల్దారై, భద్రగిరిపై ఆలయం కట్టించి, గోలకొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న కథ మనకు క్రొత్త కాదు. ఆయనకు కబీరు తారకమంత్రం ఉపదేశించినాడన్న ఐతిహ్యం కూడ మన ప్రాంతంలో పెద్దలు చెబుతూనే ఉంటారు.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక చిక్కును ఎదుర్కొనక తప్పదు. కబీరు పదునైదవ శతాబ్దపువాడని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. గోపన్న పదునేడవ శతాబ్దపువాడు. ఆయనను చెరపట్టిన అబుల్ హసన్ తానీషా గోలకొండను పాలించినది 1672 నుండి 1687 వరకు. ఇద్దరి నడుమ సుమారు రెండు వందల సంవత్సరాల ఎడం ఉన్నది. కాలగణనం ప్రకారం వీరు కలుసుకొనడం పొసగదు. అయితే ఐతిహ్యం అసత్యమని త్రోసివేయవలెనా? మా అభిప్రాయంలో ఆ తొందర కూడదు. తేదీ ఒక విషయం చెబుతుంది, కథ మరొక విషయం చెబుతుంది. ముస్లిము నేతగాని ఇంట పెరిగిన కబీరు నోటనే రామదాసుకు రామమంత్రం రావలెనని ఈ ప్రాంతపు ప్రజలు కోరుకొన్నారు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని తానీషా పేరుతోనే తలచుకొంటున్నారు. జరిగినది ఏమిటో తేదీ వలన తెలుస్తుంది. ప్రజలు ఏమి జరగవలెనని కోరుకొన్నారో కథ వలన తెలుస్తుంది. చరిత్ర విద్యార్థికి రెండూ కావలెను. అయితే ఒకదానిని మరొకటిగా భ్రమింపరాదు.

పంజాబు గ్రామంలో ఫకీరు వెంట తిరిగి పాట నేర్చిన రఫీ, భద్రాచల రామదాసు కథలో కబీరుకు గొంతు ఇవ్వడం ఎంతో సముచితం. నాగయ్య చూపిన ఈ ఔచిత్యం ఆ చిత్రంలో మమ్మల్ని మిక్కిలి ఆకర్షించినది.

2005 : భానుమతి

ప్రకాశం జిల్లా దొడ్డవరంలో జన్మించిన భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూసినారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యయే ఆమెకు సంగీతంలో తొలి గురువు. 1939లో ‘వరవిక్రయం’తో చిత్రరంగ ప్రవేశం చేసినారు. 1945లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘స్వర్గసీమ’ ఆమెకు అఖండమైన పేరు తెచ్చినది. ఆ చిత్రంలో కథానాయకుడు నాగయ్యయే! ఇరువది సంవత్సరాల తరువాత రఫీని రామదాసు కథలోకి పిలిచిన నాగయ్య ఈ విధంగా మన దారపు రెండు కొనలను కలుపుతున్నారు. ఆ చిత్రంలోనే ఘంటసాల భానుమతితో కలిసి పాడినారు. అప్పటికి ఆయన ఇంకా క్రొత్త గాయకుడు. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలకు సాలూరు రాజేశ్వరరావు బాణీలతో ఆమె పాడిన పాటలు తెలుగు సినీగీతాలకు కొలతబద్దలైనవి.

నేపథ్యగానం స్థిరపడి, నటి ఒకరు గాయని ఒకరుగా విడిపోయిన కాలంలో కూడ భానుమతి తన పాత్రల పాటలను తానే పాడినారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోను దర్శకత్వం వహించి తీసినారు. ‘అత్తగారి కథలు’ వ్రాసి తెలుగు హాస్య సాహిత్యంలో స్థిరమైన స్థానం సంపాదించినారు. చెన్నైలో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసినారు. విద్యార్థినులు ఆమె జీవితాన్ని ప్రత్యేకంగా చదువవలెను. ఇతరులు వ్రాసి ఇచ్చిన స్థానంలో ఇముడక, తన స్థానాన్ని తానే నిర్ణయించుకొన్న కళాకారిణి ఆమె.

తేదీ లేని పాటలు

ఇంతవరకు మేము చెప్పిన సంగతులన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. ప్రతి దానికీ ఒక కాగితమో, రికార్డో, పత్రికా వార్తయో సాక్ష్యంగా నిలిచినది. అందువలననే వాటికి తేదీ ఉన్నది. అట్టి సాక్ష్యం లేని పాటల మాట ఏమిటి? మన జిల్లా అడవుల అంచున, ఇటు ఖమ్మం నుండి అటు ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దుల వరకు వినిపించే పాటలలో ఎక్కువ భాగం ఆ కోవకు చెందినవే.

వాటికి కాలం లేదని కాదు. వాటి క్యాలెండరు వేరు. కోయ గూడెంలో పాట ఇప్పపూవు రాలే కాలానికి, విత్తులు చల్లే ముందు వచ్చే భూమి పండుగకు, క్రొత్త పంట చేతికి వచ్చే కొత్తల పండుగకు కట్టుబడి ఉంటుంది. మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్లకు ఒకసారి మాఘ శుద్ధ పౌర్ణమిని అనుసరించి జరుగుతుంది. భద్రాచలంలో కల్యాణం చైత్ర శుద్ధ నవమినాడు. మొహరం నెలలో మన ఊళ్లలో పీర్ల చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి తెలుగులో పాడే హసన్ హుసేనుల పాటలకు హిజ్రీ సంవత్సరం ఆధారం. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 దినాలు గనుక, ఆ నెల ప్రతి ఏటా సుమారు పదకొండు దినాలు ముందుకు జరుగుతుంది. ఒక తరం వారు ఎండలో పాడిన పాటనే తరువాతి తరం వారు వానలో పాడుతారు. ఇక ఉర్దూ ఇండ్లలో పెండ్లికి ముందు స్త్రీలు దక్కనీ యాసలో పాడే ఢోలక్ గీతాలకు ఏ క్యాలెండరూ లేదు. పెండ్లి కుదిరిన దినమే వాటి తేదీ.

ఈ పాటలను మోసే మనుషులు తరిగిపోతున్నారు. మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ కోయల వీరగాథలను, ఇలవేల్పుల చరిత్రలను కోయ, తెలుగు భాషలు రెండింటిలోను గానం చేసేవారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2024 జూన్‌లో ఆయన దివంగతులైనారు. పద్మశ్రీ వచ్చినది గనుక ఆయన పేరు పత్రికలకు ఎక్కినది. ఆయనకు నేర్పిన పెద్దల పేర్లు, ఆయన ప్రక్కన కూర్చుండి గొంతు కలిపిన వారి పేర్లు మనలో ఎందరికి తెలుసును?

మా తప్పిదం ఒకటి ఇక్కడ చెప్పుకొనక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రిందట దుమ్ముగూడెం వైపు గూడెం నుండి వచ్చి మా వద్ద చదువుకొన్న విద్యార్థి ఒకడు, “మా నాయనమ్మకు తెల్లవార్లూ పాడేటన్ని పాటలు వచ్చు సార్, మీరు వచ్చి వ్రాసుకొంటారా?” అని అడిగినాడు. మేము సంతోషించినాము. పరీక్షలు కానిమ్మని చెప్పినాము. పరీక్షలు అయినవి, సెలవులు గడిచినవి. కళాశాల తెరచిన దినాన అతడు వచ్చి, “నాయనమ్మ పోయింది సార్” అన్నాడు. అతనికి గుర్తున్న పాటలు నాలుగు. వాటిలో రెండు సగం సగం. మేము కాగితం తీసి ఆ నాలుగింటినీ వ్రాసుకొన్నాము. ఆమె పేరు కూడ వ్రాసుకొన్నాము. ఓబెర్న్‌డార్ఫ్ పాట విషయంలో ప్రశ్న సకాలంలో వచ్చినది. మా విషయంలో ప్రశ్నను ఆ విద్యార్థియే తెచ్చినాడు. ఆలస్యం చేసినది మేము.

విద్యార్థులు చేయవలసినది

ఈ అనుభవం వలన మేము నేర్చుకొన్న కొన్ని నియమాలను విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ఒకటి — పాటను అడిగేముందు పాడేవారి అనుమతిని అడుగవలెను. కొన్ని పాటలు వేల్పుల ఎదుట మాత్రమే పాడదగినవి. వద్దన్న పాటను వ్రాయరాదు.

రెండు — పాడినవారి పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చినారు, ఏ సందర్భంలో పాడుతారు అన్న నాలుగు విషయాలు తప్పక వ్రాయవలెను. ఆంగ్ల తేదీతో పాటు తిథి గాని, హిజ్రీ తేదీ గాని, ఋతువు గాని చేర్చవలెను.

మూడు — మాటలను దిద్దరాదు. కోయ మాటను తెలుగు లిపిలో, దక్కనీ మాటను ఉర్దూ లిపిలో, విన్నది విన్నట్లు వ్రాయవలెను. అర్థం తెలియని మాట ఉంటే పాడినవారినే అడుగవలెను. ఊహించి వ్రాయరాదు.

నాలుగు — ఈనాడు సెల్‌ఫోను లేని విద్యార్థి అరుదు. గైస్‌బర్గ్ సముద్రాలు దాటి మోసుకొనివచ్చిన యంత్రం చేసిన పనిని అది క్షణంలో చేస్తుంది. రికార్డు చేసేటప్పుడు గౌహర్ జాన్ చేసినట్లే, పాడినవారి చేత వారి పేరును వారి నోటనే చెప్పించవలెను. యంత్రాలు మారినా, చీటీలు చెరిగినా ఆ పేరు పాటతో పాటు నిలుస్తుంది.

ఐదు — వ్రాసిన ప్రతిలో ఒకటి పాడినవారి ఇంటికి చేరవలెను. పాట వారిది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి. గ్రంథాలయంలో ఇందుకొరకు ఒక రిజిస్టరు, ఒక అర కేటాయింపవలెను. ప్రతి సంవత్సరం ఈ సంచికలో ఉర్దూ విభాగం నుండి ఒక ఢోలక్ గీతపు వృత్తాంతం, తెలుగు విభాగం నుండి ఒక రేల పాట వృత్తాంతం ప్రకటింపవలెను. ఖర్చు స్వల్పం. పది సంవత్సరాలు గడిచేసరికి, ఈ అడవి అంచున ఎవరు ఏమి పాడినారో చెప్పగల సాక్ష్యం మన కళాశాల వద్ద ఉంటుంది.

రాబోయే డిసెంబరు 24న రేడియోలో రఫీ పాట వినిపించవచ్చును. భానుమతి పాటను ఎవరో తలచుకోవచ్చును. ఆ దినాన మన విద్యార్థులు ఆ పాటలు వినవలెను. విన్న తరువాత తమ ఇంటిలో, తమ గూడెంలో ఒక పెద్దవారి ప్రక్కన కూర్చుండి “ఒక పాట చెప్పమ్మా” అని అడుగవలెను. పంజాబు ఫకీరు పేరు మనకు దక్కలేదు. మన గూడెపు నాయనమ్మల పేర్లు దక్కించుకొనడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఈ పనిని మా వలె వాయిదా వేయరని ఆశిస్తున్నాము.